కుర్చీ వెనక ప్రార్థన

చర్చి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నా ఫోను ఆమెన్‌లు కక్కుతూనే ఉంది.

తెరిచి చూస్తే మా చర్చి సహవాసం గ్రూపు. ఒకరు ఆమెన్ అన్నారు. ఒకరు జోడించిన చేతులు పెట్టారు. నర్సాపురం ఆవిడ ఏడుస్తున్న బొమ్మ కూడా పెట్టింది. ఏడవాల్సినంత ఏం జరిగిందో ఆవిడకి మాత్రం ఏం తెలుసు. మా ఆయన రాసిందే అంత.

"ప్రియులారా, వందనాలు. మా ఇంటివారు ఒక బంధకంలో ఉన్నారు. విడుదల కొరకు భారంతో ప్రార్థించండి. ఈ సాయంత్రం ఐదింటికి మా గృహంలో కూడిక. మీ సహోదరుడు నిత్యానందం."

ఏ బంధకమో రాయలేదు. రాసేసినా బాగుండేది. రాయకపోయేసరికి ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటున్నారు. ఒకావిడ విడిగా మెసేజ్ పెట్టింది, "నిద్రమాత్రలా సిస్టర్? మా చెల్లికీ అంతే" అని. ఇంకొకావిడ తనని ప్రభువు ఆన్‌లైన్ చీరల నుంచి ఎలా విడిపించాడో పొడుగ్గా వాయిస్ పంపింది. పాస్టరమ్మగారు ఫోనే చేశారు.

"సుకుమారీ, ఏ విషయమైనా సరే నాతో చెప్పుకోవచ్చమ్మా. నేను ఎవ్వరితోనూ అనను."

"ఏం లేదు అమ్మగారూ."

"ఏం లేదనే అంటారమ్మా అందరూ. సాయంత్రం అయ్యగారూ నేనూ ముందే వస్తాం."

ఫోను పెట్టేసి వంటింట్లోంచి హాల్లోకి వెళ్ళాను. ఆయన పై ఫ్లాట్ వాళ్ళ దగ్గర తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు తుడుస్తున్నారు. ఒక్కోదాన్ని తిప్పి, కాళ్ళు కూడా తుడుస్తున్నారు. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు.

"ఏవండీ, ఆ మెసేజ్ తీసెయ్యండి."

"ప్రార్థన అడగడం తప్పా?"

"నా గురించి అడిగేముందు నన్ను అడగకపోవడం తప్పు."

"నీ పేరు రాయలేదుగా."

"ఇంటివారు అని రాశారు. మీకు ఎంతమంది ఇంటివాళ్ళున్నారు?"

ఆయన కుర్చీ తిప్పారు. ఇంకో కాలు తుడిచారు.

"అక్కడికి వెళ్ళేముందు నువ్వు నన్ను అడిగావా?" అన్నారు, నా వైపు చూడకుండా.

అదీ మాటే. నేను చెప్పింది "ఆయేషా వాళ్ళ స్నేహితుల దగ్గర ఏవో ఆటలు" అని. ఆయన క్యారమ్స్ అనుకున్నారు. అనుకోనిచ్చాను. చలికాలం మొదలైనప్పటి నుంచి నెలకి రెండు శుక్రవారాలు (దోహాలో చర్చి కూడా శుక్రవారమే) ఆరాధన అయ్యాక నేను ఆడుతున్నది పోకర్ అని మొన్న వాళ్ళ ఆఫీసులో ఎవరో ఫొటో చూపిస్తే తెలిసింది ఆయనకి. ఆ ఫొటోలో నా ముందు పందెం బిళ్ళల చిప్స్ గుట్ట, చేతిలో పేక. మొహంలో నవ్వు లేదు. ఆ మొహం చూసే ఎక్కువ భయపడ్డారేమో.

"ఒక్క రియాల్ పెట్టలేదండీ. అక్కడెవరూ పెట్టరు. ఈ దేశంలో డబ్బు పెట్టి ఆడితే జైలుకి పోతారు, నాకా మాత్రం తెలీదా? ఫులూస్ మాఫీ, డబ్బుల్లేవు అని బోర్డే రాసి పెట్టాడు ఆట పెట్టే బాబీ. గెలిస్తే ఒక ఇత్తడి కాఫీ కూజా ఇస్తారు, అంతే."

"డబ్బు గురించి నేనన్నానా?"

"మరి దేని గురించి?"

"మా నాన్నని పేకాట క్లబ్బు నుంచి లేపుకురమ్మని అమ్మ నన్నే పంపేది, సుకుమారీ. భీమవరంలో. నేను వెళ్ళి నిలబడితే ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. పేక ముక్క కనబడితే నేను ఇప్పటికీ ఆ గదిలో నిలబడలేను. అది నీకు తెలుసు."

తెలుసు. అందుకే చెప్పలేదు. ఆ మాటే పైకి అంటే ఇంకా పెద్ద గొడవ అవుతుందని ఊరుకున్నాను.

మా జెరూషా గదిలోంచి తల బయటపెట్టింది. పన్నెండో క్లాసు పిల్ల, ఇంట్లో ఏ మాటా దాని చెవి దాటిపోదు.

"డాడీ, మమ్మీ ఫైనల్‌కి వెళ్ళింది. అరవై మందిలో తొమ్మిది మంది మిగిలారు. అందులో ఆడవాళ్ళు ఒక్కరే, మన మమ్మీ."

"నువ్వు లోపలికి వెళ్ళి చదువుకో," అన్నారు ఆయన.

"చదువుతూనే ఉన్నాను. మీరిద్దరూ అరుచుకోరు, అదే కష్టం. అరుచుకుంటే తలుపు వేసుకునేదాన్ని."

అది తలుపు వేసుకుంది. హాల్లో మేమిద్దరం, పన్నెండు కుర్చీలు మిగిలాం.

"నాలుగింటికి నా ఆట మొదలు," అన్నాను.

"ఐదింటికి అయ్యగారు వస్తారు."

"తెలుసు. అందుకే ఐదింటికి పెట్టారని కూడా తెలుసు."

ఆయన గుడ్డ మడిచి కుర్చీ మీద పెట్టారు. అరుస్తారేమో అనుకున్నాను. అరిస్తే నాకు సులువు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మనిషి గొంతు పెంచింది లేదు.

"నేను ఆపను. వెళ్తే వెళ్ళు. నేను నీ కోసం ప్రార్థన చేస్తాను."

చూశారా, అదీ ఆయన పద్ధతి. నాకు ఒళ్ళు మండిపోయింది. కోపంతో ఒక మాటంటే ఇంకో మాట అనొచ్చు. ప్రార్థన చేస్తాను అనేవాడిని ఏమంటాం?

అయినా ఒక మాట చెప్పాలి. ఆ ప్రార్థన మీద నేను బతికానని చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు. కొత్తగా దోహా వచ్చినప్పుడు, జెరూషా కడుపులో ఉన్నప్పుడు, మా అమ్మ పోయినప్పుడు, నాకు మాట పెగలనప్పుడల్లా నా తరఫున ఆయనే అడిగారు. నేను గట్టిగా ప్రార్థన చెయ్యలేను. నాకు నలుగురిలో మాటలు రావు. ఆయన చేస్తున్నారు కదా అని నిశ్చింతగా ఉండేదాన్ని. ఇంట్లో బియ్యం ఉన్నాయన్నంత నిశ్చింత అది.

అది తెలిసీ ఆ రోజు చెప్పులు వేసుకున్నాను.

*

ఆయేషా కింద కారులో ఉంది. మా దంత వైద్యశాలలోనే పళ్ళు శుభ్రం చేసే అమ్మాయి, ముషైరిబ్‌లో. నేను అక్కడ రిసెప్షన్. నన్ను ఈ ఆటలోకి లాగింది తనే. తను మాత్రం క్రిస్మస్ ముందే ఓడిపోయి హాయిగా ఉంది.

"అక్కా, కాలు అలా ఊపకు. కారంతా ఊగుతోంది."

"ఇంట్లో పన్నెండు కుర్చీలు వేశారు ఆయేషా నా గురించి."

"మంచిదేగా. మా ఇంట్లో నా గురించి ఒక్క కుర్చీ కూడా వెయ్యరు."

నవ్వొచ్చింది గానీ కాలు ఆగలేదు. వెనక్కి తిప్పమందామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అల్ రయ్యాన్ రోడ్డు ఎక్కాక ఇంక అనలేదు.

అసలు ఎందుకు వెళ్తున్నానో ఆయనకి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్తే వినేవాళ్ళుంటే ఇలా చెప్తాను. నా ఉద్యోగం నవ్వడం. తలుపు తెరుచుకుంటే నవ్వాలి, ఫోను మోగితే గొంతులో నవ్వాలి, పన్ను నొప్పితో తిట్టేవాడిని చూసి ఇంకా ఎక్కువ నవ్వాలి. చర్చిలో పాటల గుంపులో ముందు వరస, అక్కడా నవ్వాలి. ఇంటికొచ్చేసరికి దవడలు నొప్పి. ఆ బల్ల దగ్గర మొదటిసారి కూర్చున్న రోజు, మూడు గంటలు నేను ఎవరికీ నవ్వలేదు. నవ్వమని ఎవరూ అడగలేదు. మొహం ఎలా ఉంటే అలా వదిలేసి కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో.

ఆ మొదటి రోజు చిప్స్ కింద పడేశాను. రాణిని జాకీ అనుకున్నాను. పందెం వేసే వంతు నాదని మర్చిపోయి ఖర్జూరాలు తింటూ కూర్చున్నాను. అయినా మళ్ళీ వెళ్ళాను.

పోకర్ అంటే సినిమాల్లో చూపించినట్టు గుట్టలు తోసుకోవడం అనుకుంటారు. కాదు. మనిషికి రెండు ముక్కలు పంచుతారు, అవి మనకే తెలియాలి. మధ్యలో ఐదు ముక్కలు మెల్లమెల్లగా తిప్పుతారు, అవి అందరివీ. కలుపుకుని ఎవరిది పెద్దదైతే వాళ్ళది. కానీ ఎక్కువసార్లు మన ముక్కలు చూసుకుని వెనక్కి తోసెయ్యడమే. మళ్ళీ తోసెయ్యడం. మళ్ళీ. మగాళ్ళకి అది చేత కాదు. విసుగొచ్చి చెత్త ముక్కలతో దిగిపోతారు. మనకి క్యూలో నిలబడటం, పిల్లల ఫీజు కౌంటర్ దగ్గర నిలబడటం, ఇకామా కాగితం కోసం వీసా ఆఫీసులో కూర్చోవడం అలవాటేగా. నేను కూర్చుంటాను. అలా కూర్చునే ఫైనల్ దాకా వచ్చాను.

*

బాబీ ఉండే కాంపౌండ్‌లో క్లబ్ హౌస్ అది. బాబీ మంగుళూరు మనిషి, మైకులు స్పీకర్లు బిగించే కంపెనీ. ఆట నడిపించేది అద్నాన్ అని ఒక కుర్రాడు, ఫోన్లో టైమ్ చూసుకుంటూ బల్ల చుట్టూ తిరుగుతుంటాడు. ఇత్తడి కూజా కిటికీలో పెట్టారు. తొమ్మిది మందిమి కూర్చున్నాం.

మొదటి గంట నేను ఏం ఆడానో నాకే గుర్తులేదు. ముక్కలు చూస్తున్నాను, కుర్చీలు కనబడుతున్నాయి. ఈపాటికి పాస్టరమ్మగారు వచ్చుంటారు. ఈపాటికి నర్సాపురం ఆవిడ "సిస్టర్ ఎక్కడ" అని అడిగుంటుంది. టీ ఎవరు పెడతారు? జెరూషాకి పెద్ద గిన్నె ఎక్కడుందో తెలుసో లేదో.

ఒక్కొక్కళ్ళూ లేచి వెళ్తున్నారు. ఆరుగురం అయ్యాం. నలుగురం అయ్యాం. చివరికి ముగ్గురం మిగిలాం: నేను, బాబీ, నా ఎదురుగా హమీదుద్దీన్ గారు.

హమీదుద్దీన్ గారిది నిజామాబాద్. కార్ల స్పేర్ పార్టుల దుకాణంలో పెద్దాయన. గడ్డం తెల్లగా, మాట మెత్తగా ఉంటాయి. కళ్ళు మాత్రం మనిషిని వదలవు. చిప్స్ వైపు చూడరు, ముక్కల వైపు చూడరు, ఎదుటి మొహం చూస్తారు. అందర్నీ అలాగే తినేశారు, నన్ను తప్ప.

"అమ్మా, మీ మొఖం జూస్తే నాకు ఏం సమజ్ గాదు," అనేవారు నాతో. "ఇంట్ల కూడ గిట్లనే ఉంటరా?"

"ఇంట్లో నవ్వుతానండీ."

"పాపం సారు," అనేవారు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఆయన వచ్చారు.

అదే తెల్ల చొక్కా. కంపెనీ కారు తాళాలు చేతిలో ఉన్నాయి. ఇంటి నిండా మనుషుల్ని వదిలేసి వచ్చిన మొహం అది. గదిలో పేక ముక్కలు చూసి ఒక్క క్షణం ఆగిపోయారు. తర్వాత నేరుగా నా దగ్గరికే వచ్చారు.

అద్నాన్ మధ్యలో ఆపి మర్యాదగా చెప్పాడు, ఆట నడుస్తుంటే ఆడేవాళ్ళతో మాట్లాడకూడదని. కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు. ఎవరో చిన్న కప్పులో గావా కాఫీ ఇచ్చారు.

ఆ పంపకం అయ్యాక వెనక్కి తిరిగాను.

"అందరూ వచ్చేశారు," అన్నారాయన లోగొంతుతో. "నిన్ను తీసుకొస్తానని చెప్పి వచ్చాను. అయిపోయిందా?"

"ఇంకా ముగ్గురం ఉన్నామండీ."

"ఎంతసేపు?"

"తెలీదు."

ఇప్పుడే లెమ్మంటారు అనుకున్నాను. అంటే లేస్తానో లేదో కూడా నాకు తెలీదు. ఆయన అనలేదు. బల్ల వైపు చూశారు, నా ముందున్న చిప్స్ చూశారు.

"సరే, కూర్చుంటాను," అన్నారు.

నా వీపు వెనక ఆయన ఉండగా ఆడటం ఎలా ఉంటుందో చెప్పలేను. రెండుసార్లు ముక్కలొచ్చాయి, రెండుసార్లూ తోసేశాను. మంచివో చెడ్డవో కూడా సరిగ్గా చూడలేదు.

మూడోసారి ముక్కల మూలలు లేపితే, నాలుగు, నాలుగు. నల్లదొకటి, ఎర్రదొకటి.

వెనక ఊపిరి ఆగడం వినబడింది. ఆయన తల వంచి చూశారు. పేక తెలియని మనిషికి నాలుగు అంటే నాలుగే. చిన్న అంకె.

హమీదుద్దీన్ గారు పందెం వేశారు. బాబీ ముక్కలు పడేశాడు. నేనూ అంతే కలిపాను. మధ్యలో మూడు తిప్పారు: డైమను రాజు, కళావరు తొమ్మిది, ఇస్పేటు నాలుగు.

మూడు నాలుగులు. ఇంతకంటే మంచి ముక్క ఆ సాయంత్రం నాకు రాలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మొహం మాత్రం కదల్లేదు. హమీదుద్దీన్ గారు మళ్ళీ పందెం వేశారు, మళ్ళీ కలిపాను. నాలుగో ముక్కగా రెండు తిరిగింది. ఎవరికీ పనికిరాదు.

ఈసారి పెద్దాయన పందెం వెయ్యలేదు. నా మొహంలోకి చూశారు. ఏం దొరకలేదు. అప్పుడు ఆయన చూపు పైకి లేచింది, నా తల మీదుగా వెనక్కి వెళ్ళింది. అక్కడే ఆగింది.

నేను తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు. వెనక నుంచి సన్నగా వినబడుతోంది, ప్రభువా, ప్రభువా అని. పెదవులకి మాత్రమే తెలిసే గొంతు. విమానం లేచేటప్పుడు, డాక్టరు రిపోర్టు తిప్పేటప్పుడు వినే గొంతే. మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటారు. కింది పెదవి వణుకుతుంటుంది. భయపడుతున్నాడు ఈ మనిషి అని చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది.

హమీదుద్దీన్ గారికి తెలిసిపోయింది. అమ్మ దగ్గర ఏమీ లేదు, అందుకే సారు వణుకుతున్నాడు. ఆయన ఆలోచన నాకు పుస్తకంలో చదివినట్టు తెలిసింది.

అప్పుడు నేను చెయ్యాల్సింది చిప్స్ మధ్యలోకి తోసెయ్యడమే. వంతు నాదే. వెంటనే తోసేస్తే పోయేది.

నేను ఆగాను.

ముక్కలు మళ్ళీ ఒకసారి చూసుకున్నట్టు మూలలు లేపాను. చూడాల్సిందేమీ లేదక్కడ. వెనక ప్రార్థన ఇంకా నడవాలని ఆగాను. ఎదుటి మనిషి దాన్ని తృప్తిగా చూడాలని ఆగాను. అది ఆటలో భాగం కాదని నాకు అప్పుడే తెలుసు. తెలిసే ఆగాను.

"ఆల్ ఇన్," అన్నాను. ఉన్నవన్నీ మధ్యలోకి తోశాను.

"యల్లా, కానీ," అన్నారు హమీదుద్దీన్ గారు, ఎక్కువసేపు ఆలోచించకుండా. తన చిప్స్ అన్నీ తోసి, రాజు, రాణి తిప్పి చూపించారు.

నేను నాలుగులు తిప్పాను. బాబీ ఈల వేశాడు. చివరి ముక్క ఏదొచ్చినా ఒకటే.

సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు? అరికాళ్ళ నుంచి పైదాకా సంతోషం. ఎప్పుడూ నవ్వని ఆ బల్ల దగ్గర మొదటిసారి నవ్వాను.

*

హమీదుద్దీన్ గారు లేచారు. ఓడిపోయినా మర్యాద మానరు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మా ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు.

"సార్, సలాం. నన్ను బయటికి పంపింది అమ్మ గాదు, మీరే."

"నేనా?" అన్నారు మా ఆయన. ఆయన మొహంలో ఇంకా చిన్న నవ్వుంది. నేను గెలిచానని ఎవరో చెప్పుంటారు.

"అవ్ సార్. అమ్మ మొఖం బండరాయి లెక్క ఉంటది, ఏం దెల్వది. ఇయ్యాల మిమ్మల్ని జూసిన. కండ్లు మూస్కొని దువా జేస్తున్నరు. ఓహో, అమ్మ దగ్గర ఏం లేదు, సారు పరేషాన్ ఉన్నడు అనుకున్న. గందుకే దిగిన." ఆయన నవ్వారు, మనస్ఫూర్తిగా. "మీ దువా కబూల్ అయింది సార్. మాషా అల్లా."

మా ఆయన మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత పోయింది.

అద్నాన్ పది నిమిషాలు విరామం అన్నాడు. ఆ తర్వాత నేనూ బాబీ, ఇద్దరమే.

ఆయన బయటికి నడిచారు. వెనకే వెళ్ళాను. కాంపౌండ్ ఈతకొలను పక్కన తువ్వాళ్ళు ఆరేసిన చోట ఆగారు. పిల్లలెవరో నీళ్ళలో అరుచుకుంటున్నారు.

"నేను ప్రార్థన చేస్తున్నానని నీకు తెలుసా?"

"మీరు నా వెనక ఉన్నారు కదండీ. నాకెలా కనబడతారు?"

"కనబడ్డానా అని అడగలేదు. తెలుసా అనడిగాను."

ఒక తువ్వాలు కింద పడితే తీసి తీగ మీద వేశాను. ఎవరిదో కూడా తెలీదు.

"తెలుసు."

"చిప్స్ తొయ్యక ముందా, తర్వాతా?"

"ముందే."

"అందుకే ఆగావా?"

ఇంకెవరైనా అడిగుంటే మొహం కదలకుండా కాదనేదాన్ని. ఎవరికీ అంతుచిక్కని మొహమేగా నాది. ఆయన దగ్గర అది పని చెయ్యలేదు, నేనే చెయ్యనివ్వలేదు.

"అవును," అన్నాను.

ఆయన తలూపారు. నాకే ఊరుకోవడం చేతకాలేదు.

"మీరు మాత్రం చెయ్యలేదా? నన్ను అడక్కుండా ఊరందరికీ బంధకం అని రాశారు. నా పేరు చెప్పి పన్నెండు కుర్చీలు వేశారు. ప్రార్థన అడ్డం పెట్టుకుని నన్ను ఇంట్లో కట్టేద్దామనుకోలేదా? ఇప్పుడు కూడా నేను ఓడిపోవాలనేగా అడిగారు దేవుణ్ణి."

"కాదు," అన్నారు.

"మరేం అడిగారు?"

"గెలవాలని," అన్నారు. "నీకు చిన్న ముక్కలు పడ్డాయి. పాపం అనిపించింది. ఇంత దూరం వచ్చింది, ఇందరు మగాళ్ళ మధ్య ఒక్కతే కూర్చుంది, ఇప్పుడు ఓడిపోతే ఎలా అనిపించింది. పేకాటలో ఒకళ్ళు గెలవాలని అడుగుతానని నేనెప్పుడూ అనుకోలేదు సుకుమారీ. సిగ్గుపడుతూ అడిగాను. అడిగినందుకు క్షమించమని కూడా అడిగాను."

ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆయన వెనక్కి తీసుకోలేదు. పట్టుకోనూ లేదు. అలా వదిలేశారంతే.

లోపల్నుంచి బాబీ కేకేశాడు, "సుకుమారీ, టైమ్" అని.

అప్పుడే ఆయన ఫోను మోగింది. జెరూషా. ఆయన స్పీకర్ నొక్కారు.

"డాడీ, అందరూ పాట పాడేశారు. ఇంక మీ ఇద్దరూ వచ్చేలోపు మొదలుపెట్టేస్తాం అంటున్నారు అయ్యగారు. ఫోను మధ్యలో పెట్టాను. మమ్మీ కోసం మొదటి ప్రార్థన మీరే చెయ్యాలంట."

అవతల కుర్చీలు సర్దుకున్న చప్పుడు. ఎవరో దగ్గారు. తర్వాత పాస్టరు రాజ్ కిరణ్ అయ్యగారి గొంతు, "కానివ్వండి బ్రదర్, అందరం తలలు వంచాం" అని.

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. వెంటనే కళ్ళు తెరిచి నా వైపు చూశారు, నేను చూస్తున్నానేమో అన్నట్టు. చూస్తున్నాను. మళ్ళీ మూసుకున్నారు. మళ్ళీ తెరిచారు.

"బ్రదర్, వినబడుతోందా?" అన్నారు అయ్యగారు.

"వినబడుతోంది అయ్యగారూ. నాకు రావట్లేదు."

అంత నిదానంగా, అంత మామూలుగా అన్నారు ఆ మాట. ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మా ఇంటివారు చేస్తారు," అన్నారు.

బాబీ మళ్ళీ పిలిచాడు. ఈసారి అద్నాన్ కూడా తలుపు దగ్గరికొచ్చి, ఫోను మీద వేలితో కొట్టి చూపించాడు. నా చేతిలో ఫోను వెచ్చగా ఉంది. అవతల మా హాలు నిండా మనుషులు కళ్ళు మూసుకుని నా మొదటి మాట కోసం ఎదురుచూస్తున్నారు.

నేను నోరు తెరిచాను. ఆయన నా ఎదురుగా నిలబడి, కళ్ళు మూసుకోకుండా, నా మొహంలోకే చూస్తున్నారు.